పదహారు అక్షరాల సంతకం

జనవరి 6, 2003, సోమవారం

చర్చి సమావేశాల పుస్తకం ఒకటి సగం ఖాళీగా ఉందని వెర్నీస్ తెచ్చింది. నేను చెబుతాను, తను రాస్తుంది. మా ఆయన చెల్లెలు. నలభై ఏళ్ళుగా నాకొచ్చే కాగితాలన్నీ తనే చదివి పెడుతోంది కాబట్టి తన దగ్గర నాకు సిగ్గు లేదు. ఒస్సీ మే టాలివర్‌కు చదవడం రాదన్న సంగతి ఈ ఊళ్ళో వెర్నీస్‌కూ, నా మనవడు కోర్టెజ్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఈ పుస్తకం నాతోపాటు శవపేటికలో పెట్టేయమన్నాను. "సరే వదినా, ముందు నువ్వు చావు, తర్వాత చూద్దాం" అంది.

అసలు సంగతికి వస్తాను. నాకు రోత పుడుతోంది. పొద్దున లేస్తే మా వాకిట్లో ఎవడో ఒక మగవాడు నిలబడి ఉంటాడు. ఫుట్‌బాల్ ఆటకు పిల్లల్ని ఏరుకునే కాలేజీవాళ్ళు. ఇవాళ వచ్చినవాడు నాకు నమస్కారం కూడా పెట్టకుండా కోర్టెజ్ భుజం పట్టుకుని నొక్కి చూశాడు. చేతులు చాపమన్నాడు. పాదాలు చూశాడు. మా ఆయన కంచరగాడిదల బేరం చేసేవాడు, అలా చూసేవాళ్ళను నేను పెళ్ళయిన కొత్తలోనే ఎరుగుదును.

"వాళ్ళ నాన్న ఎంత పొడుగమ్మా?" అని అడిగాడు.

"పారిపోతుంటే వెనకనుంచి చూశాను. కొలవలేదు" అన్నాను.

నవ్వాడు. పక్కన మా హైస్కూలు కోచ్ బాగెట్ ఇంకా గట్టిగా నవ్వాడు. బాగెట్ ఈమధ్య ఎక్కడికెళ్ళినా "మా కోర్టెజ్" అంటున్నాడట. ఏడేళ్ళప్పుడు వీడికి తలంతా తామర పట్టి, గుండు చేయించి ఆముదం రాసి బడికి పంపితే వాకిట్లోంచే తిప్పి పంపేశారు. ఆ రోజు ఎవరి కోర్టెజో అడగాలి.

జనవరి 8

ఇవాళ ఇద్దరు. ఒకడు బూట్లు తుడుచుకోకుండా లోపలికొచ్చాడు. అతను వెళ్ళాక నేల కడిగాను.

జనవరి 9, గురువారం

మగవాళ్ళ సంగతి పక్కనపెడితే, ఉత్తరాలు మాత్రం నాకిష్టం. బూట్ల పెట్టెలు రెండు నిండాయి. రాత్రి భోజనమయ్యాక కోర్టెజ్ ఒక్కొక్కటీ తీసి చదువుతాడు, నేను పచ్చి బఠాణీలు ఒలుస్తూ వింటాను. వాడి గొంతు వాళ్ళ తాతది. అందరికన్నా పెద్ద కాలేజీ, పసుపు టోపీలు పెట్టుకుని తిరిగేవాళ్ళది, క్రిస్మస్ ముందు ఒక ఉత్తరం రాసింది. అది ఇప్పటికి నాలుగుసార్లు చదివించుకున్నాను. "టాలివర్ గారి కుటుంబానికి" అని మొదలుపెట్టారట. ఆగస్టులో కోర్టెజ్ కోసం గది సిద్ధంగా ఉంటుందనీ, చదువు, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారనీ, ఇలాంటి పిల్లవాణ్ణి పెంచిన ఇల్లు చూడాలని ఉందనీ రాశారట.

"చివరి ముక్క మళ్ళీ చదువు" అన్నాను.

"ఇలాంటి పిల్లవాణ్ణి పెంచిన ఇల్లు చూడాలని ఉంది" అని చదివాడు.

వినడానికి బాగుంది. ఎవరికైనా బాగుంటుంది.

జనవరి 14, మంగళవారం

పసుపు టోపీలవాళ్ళ మనిషి వచ్చాడు. పేరు స్టాకీ. బాగెట్ వెంటబెట్టుకొచ్చాడు. పొద్దున నాలుగింటికే లేచి కొలార్డ్ ఆకు ఉడకబెట్టాను. పంది కాలు, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపతో కాల్చిన తీపి పైలు రెండు. స్టాకీ గుమ్మంలోనే టోపీ తీశాడు. నేను కూర్చునేదాకా కూర్చోలేదు. ఆ తీపి మూడు ముక్కలు తిన్నాడు. మెప్పు కోసం తినేవాడికీ ఆకలికి తినేవాడికీ తేడా నాకు తెలుసు. ఇతను ఆకలికే తిన్నాడు.

తర్వాత సంచిలోంచి కాగితం తీసి బాగెట్‌కు ఇవ్వలేదు, కోర్టెజ్‌కూ ఇవ్వలేదు. నా చేతికిచ్చాడు.

"ఇది మేం పంపిన ఉత్తరమే మేడమ్. మీరు చదివే ఉంటారు. ఇంకోసారి చూసుకోండి, మాకు తొందరేం లేదు."

డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి నాకు. కోర్టులో, ఆసుపత్రిలో, కోళ్ళ ఫ్యాక్టరీలో, ఎక్కడ కాగితం వచ్చినా "నేను చెబుతాను విను" అన్నవాళ్ళే. టై కట్టుకున్న మనిషి కాగితం నా చేతిలో పెట్టి, నా కళ్ళు దాని మీద తిరుగుతాయని ఎదురుచూడటం ఇదే మొదలు. కళ్ళజోడు పెట్టుకున్నాను. పైనుంచి కిందికి, తొందరపడకుండా చూశాను. రెండో పేజీ తిప్పాను. పేజీ కింద ఒకచోట స్టాకీ పెన్నుతో చూపించాడు. "ఈ విషయంలో మీకేం అభ్యంతరం లేదు కదా?"

"చదివాను. నాకేం అభ్యంతరం లేదు" అన్నాను.

అనకూడదా? ఎవరైనా అంటారు.

ఫిబ్రవరి ఐదున బడి జిమ్నాసియంలో పిల్లలందరూ తాము వెళ్ళబోయే కాలేజీ టోపీలు పెట్టుకుని సంతకాలు చేస్తారు. కోర్టెజ్‌కు ఇరవై ఒకటి నిండలేదు, పెంచినదాన్ని నేను. నా సంతకం లేనిదే వాడి కాగితం చెల్లదు. పంతొమ్మిది వందల అరవై ఐదులో ఓటు కోసం చర్చి నేలమాళిగలో కూర్చుని నా పేరు గీయడం నేర్చుకున్నాను. పదహారు అక్షరాలు. చదవడం రాదుగానీ ఆ పదహారూ నావే, ఎవడూ చెయ్యి పట్టుకుని రాయించలేదు.

కోర్టెజ్ ఆ తీపి రెండో ముక్క తినలేదు. కడుపునొప్పేమో.

జనవరి 18, శనివారం

నీలం టోపీలవాళ్ళ చిన్న కాలేజీ నుంచి అమోస్ అనే ముసలి కోచ్ తన కారులో తనే వచ్చాడు. బూట్లనిండా బురద. టోపీ ఎన్నిసార్లు ఉతికారో, నీలమో బూడిదో తెలియలేదు. భుజాలు నొక్కి చూడలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను. మార్కుల కాగితం అడిగాడు. ఏం చదువుతావురా అని అడిగాడు. కోర్టెజ్ నీళ్ళు నమిలాడు.

"మా దగ్గర పెద్ద స్టేడియం లేదమ్మా. బస్సులో గంటలకొద్దీ ప్రయాణం. ఆగస్టులో మంచం ఉంటుంది, క్లాసు ఉంటుంది. ఉన్నదే చెబుతాను" అన్నాడు.

ఉన్నదే చెబుతాడట. ఇంత చప్పటి మనిషిని ఎక్కడా చూడలేదు. నిన్నటి మొక్కజొన్న రొట్టె మిగిలితే పెట్టాను. తిని, పళ్ళెం తనే కడిగిపెట్టి, ఒక కవరు ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళాడు. అది అక్కడే ఉంది.

జనవరి 26, ఆదివారం

చర్చిలో తెలిసింది. బాగెట్ ఇంటిముందు అమ్మకానికి అని పలక పెట్టారట. ఆగస్టు నుంచి పసుపు టోపీలవాళ్ళ దగ్గర కోచ్ ఉద్యోగమట. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పడి ఉన్న మనిషికి ఉన్నట్టుండి పెద్ద కాలేజీలో ఉద్యోగం.

నాకు సంతోషమే వేసింది. కోర్టెజ్‌కు అక్కడ తెలిసిన మొహం ఒకటుంటుంది. అన్నం తిన్నాడో లేదో చూస్తాడు.

"ఊఁ" అంది వెర్నీస్.

"ఏమిటే ఆ ఊఁ?"

"ఏం లేదు వదినా. ఊఁ."

జనవరి 28

ఆ ఊఁ గురించి రెండురోజులుగా ఆలోచిస్తున్నాను.

జనవరి 30, గురువారం

కోర్టెజ్ బడికి వెళ్ళాక బూట్ల పెట్టె దించి ఆ ఉత్తరం వెర్నీస్ చేతికిచ్చాను. చదివింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"వదినా, ఇందులో ఆగస్టు లేదు."

"సరిగ్గా చూడవే."

"చూస్తూనే ఉన్నాను. ఈ ఏడాది చోట్లన్నీ నిండిపోయాయట. కోర్టెజ్ ఇప్పుడు సంతకం పెట్టి, ఆగస్టులో రాకుండా, వచ్చే జనవరిలో రావాలట. అదీ అప్పటికి చోటు ఖాళీ అయితేనే. అందాకా వీడి బతుకు వీడే చూసుకోవాలట."

"ఇల్లు చూడాలని ఉందన్నది?"

"అది ఉంది. దాని కిందే ఇదుంది."

స్టాకీ పెన్ను ఆనించిన చోటు ఏదో గుర్తు తెచ్చుకుని చూపించాను. అదే చోటు.

అంటే వాళ్ళకు ఇప్పుడు వీడు అక్కర్లేదు. ఇంకొకళ్ళకు దక్కకుండా కట్టేసి ఉంచాలి, అంతే. బాగెట్ ఆగస్టులో వెళతాడు. వీణ్ణి తీసుకొచ్చి కట్టేసినందుకే అతనికి ఉద్యోగం. ఇరవై ఏళ్ళు పిల్లలకు పరుగు నేర్పిన మనిషి, ఒక పిల్లవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి తను లోపలికి వెళతాడు. నా కొలార్డ్ తిన్నాడు. నా బల్ల దగ్గర కూర్చుని ప్రార్థనకు తల వంచాడు. థూ.

ఆ స్టాకీ ఇంకా రోత. నన్ను చదువుకున్నదానిలా చూశాడనుకున్నాను. అతనికి కావలసింది నా నోట "చదివాను" అన్న ముక్క. అది నేనే ఇచ్చాను.

ఇంకొకటి ఉంది. ఉత్తరం నాకు నాలుగుసార్లు చదివినవాడు కోర్టెజ్. నాలుగుసార్లూ ఆగస్టు అనే చదివాడు.

వెర్నీస్, అది రాయకు.

రాసింది. సరే ఉండనీ.

జనవరి 31

చిలగడదుంపలు మిగిలాయి. చెత్తలో పారేశాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

వాడితో ఏమీ అనలేదు. వాడు పళ్ళెంలో పెట్టింది తింటున్నాడు, ఎదురుగా కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు, "చర్చికి రావా అమ్మమ్మా?" అంటున్నాడు. ఇంత పెద్ద అబద్ధం మోస్తున్నవాడు ఇంత మామూలుగా రొట్టె ఎలా తింటాడో నాకు అర్థం కాలేదు. నా రక్తంలో ఇది లేదు.

ఆ మాటే వెర్నీస్‌తో అన్నాను. పెన్ను కింద పెట్టింది.

"లేదా వదినా? లనెల్ ఉత్తరాలో?"

లనెల్ నా కూతురు, కోర్టెజ్ తల్లి. కోళ్ళ ఫ్యాక్టరీలో ఆరేళ్ళు నాతోపాటు నిలబడి, ఒకరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా అక్కడే వదిలేసి హ్యూస్టన్ బస్సెక్కింది. వీడికప్పుడు నాలుగేళ్ళు. కొన్నాళ్ళు ఉత్తరాలు రాసింది. వాటిని వెర్నీస్ దగ్గరకు తీసుకెళ్ళి చదివించుకునేదాన్ని. నా కోసం ఎదురుచూడొద్దని చెప్పు, నాకిక్కడ వేరే సంసారం ఉంది, వాణ్ణి అడగొద్దను, అవే ముక్కలు. ఇంటికొచ్చి వీణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కాగితం చేత్తో పట్టుకుని, వేలు కదుపుతూ చదివేదాన్ని. "నా బంగారు కొండా, ఎండలు రాగానే అమ్మ వస్తుంది. నీకు ఎర్ర బూట్లు తెస్తుంది." చదువు రానిదాన్ని చదివేదాన్ని. వాడు అదే ముక్క మళ్ళీ చదవమనేవాడు.

అది వేరు.

ఫిబ్రవరి 3

అది వేరే సంగతి. చిన్నపిల్లవాడు. ఏడుస్తాడు.

ఫిబ్రవరి 5, బుధవారం

జిమ్నాసియానికి నేను వెళ్ళలేదు. కాళ్ళనొప్పులన్నాను. పొద్దున తొమ్మిదింటికి బ్యాండు మోత ఇక్కడికి వినిపించింది. వాళ్ళు టోపీలు పెట్టి ఫోటోలు తీసుకుంటారు, కానీ ఫాక్స్ మెషీన్‌లో పెట్టే కాగితం మీద నేనుండాలి. వస్తారని తెలుసు. బల్ల తుడిచి కూర్చున్నాను. ఏమీ వండలేదు. వెర్నీస్‌ను వంటింట్లో కూర్చోమన్నాను.

పదిన్నరకు బాగెట్ ట్రక్కు ఆగింది. వెనకాలే కోర్టెజ్, నెత్తిన పసుపు టోపీ.

"టాలివర్ గారూ! మీరు లేక సగం సందడి పోయింది" అన్నాడు బాగెట్. "చిన్న సంతకం. పన్నెండు లోపు ఫాక్స్ వెళ్ళాలి. అవతల స్టాకీ మెషీన్ దగ్గరే నిలబడి ఉన్నాడు."

"నిలబడనీ. కాళ్ళున్నాయిగా. నువ్వు టోపీ తియ్యరా, బల్ల దగ్గర టోపీ ఏమిటి?"

తీశాడు. ఉత్తరం బల్లమీద పెట్టాను.

"చదువు."

"అదెందుకమ్మా ఇప్పుడు, మీరు చదివారు కదా..." అన్నాడు బాగెట్.

నాలుక మీదకు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఇన్నేళ్ళూ పళ్ళు బిగించి దాచుకున్న మాట, అందులోనూ ఈ మనిషి ముందు.

"నాకు చదవడం రాదు కోచ్. ఎప్పుడూ రాలేదు. ఆ రోజు స్టాకీ ముందు నాటకమాడాను."

"అమ్మమ్మా, వద్దు" అన్నాడు కోర్టెజ్. వాడి చెవులు కందిపోయాయి.

"నువ్వు చదువు."

చదివాడు. టాలివర్ గారి కుటుంబానికి. పెంచిన ఇల్లు చూడాలని ఉంది. ఆగస్టులో గది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ ఆగస్టే. వంటింట్లో వెర్నీస్ కుర్చీ కిర్రుమంది.

"మళ్ళీ."

"టైమైపోతోందమ్మా!" అన్నాడు బాగెట్.

"నీది కాదు పోయేది. చదవరా."

మూడోసారి ఆ చోటికి వచ్చి ఆగాడు. ఆగి, నా వంక చూడకుండా, గొంతు తగ్గించి చదివాడు. చోట్లు నిండిపోయినందున. వచ్చే జనవరిలో. ఖాళీ అయిన పక్షంలో.

"ఆగస్టు నుంచి జనవరి దాకా నువ్వెక్కడుంటావు?" అని అడిగాను.

బల్లమీది టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"నీ బట్టలు మూటగట్టేదాన్ని నేను. ఎక్కడికో చెప్పు."

"కోళ్ళ ఫ్యాక్టరీలో" అన్నాడు. "కోచ్ మాట్లాడిపెట్టారు. పగలు షిఫ్టు."

నా చేతులు రెండూ బల్లమీదే ఉన్నాయి. పందొమ్మిదేళ్ళు ఆ ఫ్యాక్టరీలో చల్లటి కోళ్ళు కోసిన చేతులు. కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ చాచుకోవు. బాగెట్ వాటి వంక చూసి తల తిప్పుకున్నాడు.

"నాలుగైదు నెలలేనమ్మా. కుర్రాడు కాస్త కండ కూడా పెంచుకుంటాడు. అందరూ ఇలాగే చేస్తారు, ఇది మామూలే" అన్నాడు.

"నా కూతురూ నాలుగైదు నెలలేనని ఫ్యాక్టరీకి వెళ్ళి ఆరేళ్ళు నిలబడింది. నువ్వు నీ ఇంటి పలక తీసేసి, నాలుగు నెలలు వాడితోపాటు కోళ్ళు కోసి, జనవరిలో కలిసి వెళ్ళండి. ఇప్పుడే సంతకం పెడతాను. పెన్ను ఉందా?"

బాగెట్ చెమట తుడుచుకున్నాడు. కోర్టెజ్ అతని మొహంలోకే చూస్తున్నాడు. కోచ్ ఏదో ఒకటి అంటాడని చూస్తున్నాడు, పాపం, ఏమన్నా సరే. పదకొండు నలభైకి బాగెట్ జేబులో ఫోను మోగింది. బయటికెళ్ళి మాట్లాడాడు. మళ్ళీ లోపలికి రాలేదు. ట్రక్కు వెళ్ళిపోయింది.

టోపీ బల్లమీదే ఉండిపోయింది.

"నాకెందుకు అబద్ధం చదివావురా?" అన్నాను.

"అక్కడే ఆడాలని ఉంది నాకు. పెద్ద స్టేడియంలో. నిజం చదివితే నువ్వు సంతకం పెట్టవు." వంగి బూటు లేసు బిగించుకున్నాడు. "నువ్వు వింటున్నప్పుడు నీ మొహం అలా వెలిగిపోతుంటే ఇంకో ముక్క కలపాలనిపించింది. నువ్వు కలిపేదానివి కదా, ఎర్ర బూట్లు అవీ."

టోపీని పక్కకు నెట్టాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడో క్లాసులో. చదవడం వచ్చాక అమ్మ ఉత్తరాల పెట్టె తీసి చూశాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు సంతోషంగా చదివేదానివి అమ్మమ్మా."

వంటింట్లోంచి వెర్నీస్ ముక్కు చీదిన చప్పుడు. తనకు అన్నిటికీ జలుబే.

ఇన్నాళ్ళూ వాకిట్లో నిలబడ్డవాళ్ళ మీద ఉమ్మాను. ఆ ఉమ్మి ఇవాళ ఎక్కడ పడిందో నాకు తెలుసు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో మా వరసలో ఎవరూ కూర్చోలేదు. ఊరి పిల్లవాడి అదృష్టం కాలదన్నిన ముసలిది అంటున్నారట. అననీ. బాగెట్ ఇంటిముందు పలక తీసేశారు, ఆ ఉద్యోగం పోయిందట.

కోర్టెజ్ నాలుగు రోజులుగా అవును, కాదు, రెండే మాటలు. పసుపు టోపీ ఎక్కడ పెట్టాడో అడగలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

వెర్నీస్‌కు నిజంగానే జలుబు చేసింది. ఈ పేజీ కోర్టెజ్ రాస్తున్నాడు. ముందు పేజీలు చదివావా అంటే, చదివానన్నాడు. చదివితే ఏమనుకున్నావంటే, కంచరగాడిద ముక్క బాగుందన్నాడు.

ఈ సాయంత్రం వీడే ఫ్రిజ్ మీది కవరు దించాడు. అమోస్ ఇచ్చింది. నేను అడగలేదు. ఎదురుగా కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మంచం, క్లాసు ఉన్నాయి. ఒక గదిలో ముగ్గురని ఉంది. మార్కులు తగ్గితే ఇంటికి పంపేస్తామని ఉంది. ప్రతి ఏడాదీ మళ్ళీ చూసి నిర్ణయిస్తామని ఉంది. చెడ్డ ముక్కల దగ్గర గొంతు తగ్గించలేదు. మెచ్చుకోలు ఒక్క ముక్క కూడా లేదా అని అడిగాను.

"లేదు అమ్మమ్మా. కలపనా?"

"కొడతాను" అన్నాను.

వాడికి ఈ కాలేజీ ఇష్టం లేదు. మొహం చూస్తే తెలుస్తోంది. సంతకం పెట్టమని మాత్రం పెన్ను వాడే ఇచ్చాడు. పదహారు అక్షరాలూ గీశాను. ఆ రెండు వేళ్ళు సహకరించక చివరిది వంకరపోయింది.

ఇప్పుడు రాసినదంతా తిరిగి చదివి వినిపించమన్నాను. చదివాడు. రేపు జలుబు తగ్గాక వచ్చి సరిచూస్తానని వెర్నీస్ ఫోన్ చేసింది.

అక్కర్లేదన్నాను.